విలన్ ఫ్లాష్‌బ్యాక్: ఫాంటసీ గేముల్లో క్రూరత్వానికి కారణం వెతికిన చరిత్ర

ఫాంటసీ గేముల్లో విలన్‌కు మొదట్లో గతం లేదు. ఈ తరహా ఆటలన్నిటికీ మూలమైన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ను గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించారు. 1974లో అది అమెరికాలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి వెలువడింది. నలుగురైదుగురు బల్ల చుట్టూ చేరి, పాచికలు వేస్తూ, కథ చెప్పుకుంటూ ఆడే ఆట అది. అందులో పాత్రలకూ రాక్షసజాతులకూ మూడు పక్షాలు ఉండేవి: క్రమం, తటస్థం, అరాచకం. 1977లో ‘మాన్‌స్టర్ మాన్యువల్’ వచ్చేసరికి మంచి, చెడు అన్న విభజన కూడా తోడైంది. ఆ పుస్తకంలో ఓర్క్ అనే జీవి పేజీ తీస్తే దాని బలమెంత, ఎన్ని కలిసి తిరుగుతాయి, ఎంత సొమ్ము దాచుకుంటాయి అన్న వివరాల వరసలోనే అది చెడ్డదన్న మాటా ఉంటుంది. ఎందుకు చెడ్డదయింది అనే ప్రశ్నకు ఆ పట్టికలో గడి లేదు.

ఆ ప్రశ్న ఆడేవాళ్ల మధ్యే పుట్టింది. ఆ దశకం చివర కొత్త ఆటగాళ్ల కోసం గైగాక్స్ రాసిన ‘ది కీప్ ఆన్ ది బోర్డర్‌ల్యాండ్స్’లో గుహల నిండా రాక్షసులుంటారు. ఓర్క్‌ల గుహలో యోధులతో పాటు ఆడవాళ్లూ పిల్లలూ ఉంటారని, ఆ పిల్లలు పోరాడరని అందులో స్పష్టంగా ఉంది. యోధులను చంపి లోపలికి వెళ్లినవాళ్లు ఆ పిల్లలను ఏం చేయాలన్నది బల్ల చుట్టూ ఉన్నవారి తీర్పుకే వదిలేశారు. పుట్టుకతోనే చెడ్డ జాతి అన్న నియమం ఎంత బలహీనమైనదో ఆ గుహలోనే తేలిపోయింది.

కంప్యూటర్ గేములు ఈ చిక్కును చాలాకాలం పట్టించుకోలేదు, పట్టించుకునేంత చోటూ వాటికి లేదు. 1981లో వచ్చిన ‘విజార్డ్రీ’లో వెర్డ్‌నా అనే మాంత్రికుడు ఒక తాయెత్తు దొంగిలించి నేలమాళిగ అడుగున దాక్కుంటాడు. ఆ పేరు ఆటను రాసిన ఇద్దరిలో ఒకరైన ఆండ్రూ పేరును వెనకనుంచి చదివితే వచ్చేది. అంతకుమించి వెర్డ్‌నాకు పుట్టుపూర్వోత్తరాలు లేవు. 1986లో జపాన్‌లో వచ్చిన ‘డ్రాగన్ క్వెస్ట్’ మొత్తం 64 కిలోబైట్ల కార్ట్రిడ్జ్‌లో ఇమిడింది. పటం, పోరాటాలు, సంభాషణలు అన్నీ అందులోనే సర్దాలి. కోటలో కూర్చున్న డ్రాగన్ రాజు దుర్మార్గుడు, అంతే. ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడి బాల్యం ఎవరికీ అక్కర్లేనట్టే, డ్రాగన్ రాజు బాల్యమూ ఆడేవారికి అక్కర్లేదు.

మార్పు మళ్లీ బల్ల మీది ఆటలోనే మొదలైంది. ఏదో నేలమాళిగలో తిరుగుతుంటే కారణమేమీ లేకుండా రక్తపిశాచి ఎదురుపడటం ట్రేసీ హిక్‌మన్‌కు నచ్చలేదు. వీడు ఇక్కడెందుకున్నాడు, ఎక్కడినుంచి వచ్చాడు అని ఆలోచిస్తూ ఆయన, భార్య లారా కలిసి ‘రావెన్‌లాఫ్ట్’ రాశారు. 1983లో అది 32 పేజీల పుస్తకంగా వెలువడింది. అందులో స్ట్రాడ్ యౌవనమంతా యుద్ధాల్లో గడిపేసిన ప్రభువు. తమ్ముడు సెర్గీ మనసిచ్చిన తత్యానా అనే అమ్మాయిని అతనూ కోరుకుంటాడు. పెళ్లిరోజున తమ్ముణ్ని చంపేస్తాడు. తత్యానా పారిపోయి కోట మీదినుంచి దూకేస్తుంది. స్ట్రాడ్ చావులేని పిశాచిగా మిగిలి, ఆమె పోలికలున్న అమ్మాయిల కోసం వెతుకుతూ ఒక లోయ మొత్తాన్ని చెరపట్టి ఉంచుతాడు.

ఈ గతం ఆటగాళ్లకు తెలిసే తీరు గమనించదగ్గది. స్ట్రాడ్ స్వయంగా రాసుకున్న పుస్తకం ఒకటి కోటలో ఎక్కడో ఉంటుంది. మేడమ్ ఈవా అనే జోస్యురాలు పేకముక్కలు పరిచి చెబితే గానీ దాని జాడ తేలదు. దొరికాక చదివితే అందులో మాట్లాడేది స్ట్రాడ్ ఒక్కడే. తన వయసు మీరిపోయిందన్న బాధ, ఆ అమ్మాయి తనను పెద్దవాడిగానే చూసిందన్న ఉక్రోషం, చావుతో చేసుకున్న ఒప్పందం అన్నీ అతని గొంతులోనే వినిపిస్తాయి. తత్యానా ఏమనుకుందో కూడా హంతకుడి నోటివెంటే వినాలి. గేముల్లో విలన్ ఫ్లాష్‌బ్యాక్ అనే పద్ధతికి ఇది తొలి గొప్ప ఉదాహరణ. ఆ పద్ధతిలోని ప్రమాదం కూడా మొదటి రోజునుంచే అందులో ఉంది: గతాన్ని చెప్పే హక్కు చంపినవాడి చేతికి పోతుంది. తర్వాతి కాలంలో స్ట్రాడ్‌ను ప్రేమలో ఓడిన అభాగ్యుడిగా చూసినవాళ్లకు కొదవ లేదు. హిక్‌మన్ మాత్రం 2016లో వచ్చిన ‘కర్స్ ఆఫ్ స్ట్రాడ్’ ముందుమాటలో ఈ పిశాచాన్ని ఎదుటి మనిషిని నమిలేసే స్వార్థపరుడిగానే గుర్తుచేశారు.

జపాన్‌లో ఈ ధోరణికి పెద్ద మలుపు 1990 ఫిబ్రవరిలో వచ్చిన ‘డ్రాగన్ క్వెస్ట్ 4’. కథారచయిత యూజీ హోరీ. కార్ట్రిడ్జ్ ఇప్పుడు 512 కిలోబైట్లు, మొదటి గేముకు ఎనిమిదింతలు. కథ చెప్పడానికి చోటు దొరికింది. అందులో విలన్ పిసారో రాక్షసజాతి యువరాజు. అతను ప్రేమించే రోజలీ అనే అమ్మాయి ఏడిస్తే కన్నీళ్లు కెంపులవుతాయి. కెంపుల ఆశతో మనుషులు ఆమెను హింసిస్తుంటారు. పిసారో ఆమెను ఒక బురుజులో దాచి కాపలా పెడతాడు. చివరికి మనుషులు ఆమెను ఎత్తుకుపోయి కొట్టి చంపుతారు. పిసారో పిచ్చెక్కిపోయి పరిణామ రహస్యం అనే విద్యను తన మీదే ప్రయోగించుకుంటాడు. ఆఖరి పోరాటంలో ఎదురయ్యేది తానెవరో కూడా మరిచిపోయిన ఒక పెద్ద ఆకారం. అతని కథ తెలిశాక ఆ పోరాటంలో గెలుపు చేదుగానే ఉంటుంది.

కానీ ఆ గేమ్ మరో సంగతి కూడా చూపించింది. హీరో ఒక మారుమూల కొండపల్లెలో పెరుగుతాడు. ఏదో ఒకరోజు రాక్షసులను ఓడించే బిడ్డ ఇతడేనని ఊరంతా కలిసి దాస్తుంది. పిసారో ఆ ఊరి ఆచూకీ కనిపెట్టి దండుతో వచ్చి పడతాడు. చిన్ననాటి స్నేహితురాలు సింథియా హీరోను నేలమాళిగలో దాచి, మంత్రంతో తాను హీరో రూపం ధరించి పైకి వెళ్తుంది. ఆడేవాళ్లకు ఆమె చావు కనబడదు. పైన జరిగే గొడవ, హీరో చచ్చాడన్న ప్రకటన మాత్రం తెలుస్తాయి. బయటికొచ్చేసరికి ఊరు లేదు. ఇది జరిగింది రోజలీ చనిపోవడానికి ఎంతో ముందు. పిసారో చేతికి నెత్తురంటింది దుఃఖం వచ్చాక కాదు. గేమ్ ఆడినవాళ్లలో పిసారోపై జాలి పడేవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఈ వరసనే.

2001లో ప్లేస్టేషన్ కోసం ఈ గేమును తిరిగి తయారుచేసినప్పుడు ఒక కొత్త అధ్యాయం చేర్చారు. ఎన్నో ఏళ్లకొకసారి పూసే ప్రపంచవృక్షపు పువ్వు హీరోకు దొరుకుతుంది. చనిపోయినవారిని బతికించే శక్తి దానికుంది. ఆ ఒక్క పువ్వుతో హీరో రోజలీని బతికించాలి. ఆమె కన్నీళ్లతో పిసారోకు మతి వస్తుంది. అతను హీరో జట్టులో చేరి, మనుషులను రోజలీ మీదికి ఉసిగొల్పిన అసలు దుర్మార్గుణ్ని చంపడానికి కత్తి దూస్తాడు. సింథియా కోసం ఆ పువ్వు వాడే వీలు ఆటలో లేదు. తన ఊరిని చంపినవాడి ప్రియురాలిని బతికించి, వాడి పక్కన నిలబడి పోరాడమని హీరోను, అంటే ఆడేవారిని, గేమ్ ఆదేశిస్తుంది. ఈ అధ్యాయం మీద అభిమానుల అసంతృప్తి ఇప్పటికీ చల్లారలేదు, అందులో న్యాయం ఉంది. పిసారోకు పశ్చాత్తాపపడే అవకాశం ఇవ్వడం తప్పు కాదు. ఆ ఊరివాళ్లకు అతను జవాబు చెప్పే సన్నివేశం ఒక్కటీ లేకపోవడమే తప్పు.

అదే 1990లో అమెరికాలో రిచర్డ్ గారియట్ ‘అల్టిమా 6’ మరో దారి పట్టింది. మొదటి దృశ్యంలోనే గార్గాయిల్ అనే రెక్కల జీవులు హీరోను బలిపీఠం మీద కట్టేస్తాయి. చూడటానికి అచ్చం దయ్యాలు. ఆట ముందుకు పోయేకొద్దీ తెలిసేది వేరు. ఇంతకుముందు వచ్చిన ఒక గేములో హీరో ఘనవిజయంగా తెచ్చుకున్న పవిత్రగ్రంథం వాళ్లది. దాన్ని తీసుకోవడంతో వాళ్ల లోకం కూలిపోతోంది. ఇక్కడ గతం విలన్ కన్నీటి కథగా రాలేదు, ఆడేవాళ్లు స్వయంగా చేసిన పనికి లెక్కగా వచ్చింది. ఆట ముగిసేది గార్గాయిల్‌లను చంపి కాదు, గ్రంథాన్ని రెండు జాతులూ చదువుకోగలిగేచోట ఉంచి. ఈ దారిలో నడిచిన గేములు తక్కువ.

1994లో స్క్వేర్ సంస్థ నుంచి అయిదు నెలల తేడాతో వచ్చిన రెండు గేములు ఈ ప్రశ్నకు రెండు కొసలు. ఏప్రిల్‌లో వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ 6’లో కెఫ్కా ఒక కోట నీళ్లలో విషం కలిపి జనాన్ని చంపుతాడు, చివరికి ప్రపంచాన్నే ధ్వంసం చేస్తాడు. అతని గతం ఎంత ఉందంటే, రాజధాని వెక్టర్‌లో దారిన పోయే ఒక మనిషి చెప్పే నాలుగు ముక్కలు: మంత్రశక్తి ఎక్కించే ప్రయోగం మొదట అతని మీదే చేశారని, అది వికటించి మతి చెడిందని. ఆ మనిషితో మాట్లాడకుండా వెళ్లిపోయినా ఆట ఆగదు. కెఫ్కా కూడా ఆ సంగతిని ఎక్కడా సాకుగా ఎత్తడు.

సెప్టెంబరులో తకాషీ తొకితా దర్శకత్వంలో వచ్చిన ‘లైవ్ ఎ లైవ్’ విలన్ గతాన్ని ఆడేవారి చేతికే ఇచ్చింది. ఆదిమకాలం నుంచి సుదూర భవిష్యత్తు దాకా ఏడు కాలాల్లో ఏడుగురు హీరోల కథలు ముందు ఆడాలి. ఆ కథల విలన్ల పేర్లన్నిటిలో ఓడియో అన్న ధ్వని పలుకుతుంది. ఏడూ పూర్తయ్యాక మధ్యయుగపు అధ్యాయం తెరుచుకుంటుంది. ఓర్‌స్టెడ్ అనే యోధుడు పోటీలో నెగ్గి రాకుమారిని చేపట్టబోతాడు. ఆమెను రాక్షసరాజు ఎత్తుకుపోతాడు. స్నేహితుడు స్ట్రేబోతో కలిసి వెతకడానికి వెళ్తాడు. అచ్చం ‘డ్రాగన్ క్వెస్ట్’ కథే, హీరో నోరు విప్పడు కూడా. ఆ కాలపు గేముల్లో మాట్లాడని హీరో మామూలే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. తర్వాత ఒక మాయలో పడి రాక్షసుడనుకుని రాజునే నరుకుతాడు. ఊరంతా అతన్నే రాక్షసుడంటుంది. రాక్షసరాజు ఉండే కొండమీద అసలు సంగతి బయటపడుతుంది. ఎప్పుడూ తనకంటే ఒకడుగు ముందుండే స్నేహితుడి మీద అసూయతో స్ట్రేబో పన్నిన కుట్ర ఇది. అతన్ని చంపాక రాకుమారి వచ్చి, ఓడినవాడి మనసు నీకేం తెలుసని ఓర్‌స్టెడ్‌నే నిలదీసి, ప్రాణం తీసుకుంటుంది. ఓర్‌స్టెడ్ అప్పుడు నోరు తెరుస్తాడు. అతను తొలిసారి మాట్లాడేది తానే ఇక రాక్షసరాజునని చెప్పడానికి.

ఇంత అన్యాయం జరిగిన విలన్ గేముల చరిత్రలో అరుదు. ఆడినవాళ్లకు అతని కోపం బయటినుంచి చూసింది కాదు, ఆ బటన్లు నొక్కింది తామే. అయినా చివరి అధ్యాయంలో గేమ్ మెత్తబడదు. హీరోలు అడుగుపెట్టే రాజ్యంలో బతికున్న మనిషి ఒక్కడూ లేడు. ఓర్‌స్టెడ్ తనను దూషించినవాళ్లనే కాదు, అందరినీ చంపేశాడు. కావాలంటే చివరి అధ్యాయాన్ని ఓర్‌స్టెడ్‌గానే ఆడవచ్చు. అప్పుడు ఏడు కాలాల విలన్ల రూపంలో ఆ హీరోలను చంపుకుంటూ పోవాలి. పగ పూర్తిగా తీరాక మిగిలేది మనుషుల్లేని రాజ్యం, అందులో అతనొక్కడు. హీరోగా ఆడి గెలిస్తే, ఓడి పడివున్న అతన్ని చంపాలా వద్దా అని గేమ్ అడుగుతుంది. చంపితే హీరోలకు తమ కాలాలకు తిరిగి వెళ్లే దారి మూసుకుపోతుంది. చంపకపోయినా అతను చేసింది చెరిగిపోదు. గతం వివరణ అవుతుంది, మాఫీ కాదు అన్న తేడాను ఇంత గట్టిగా ఆటలోనే చూపిన గేమ్ ఇదే అనదగ్గది. జపాన్ బయట ఇది అధికారికంగా విడుదల కావడానికి 2022 దాకా పట్టింది.

1997లో ‘ఫైనల్ ఫాంటసీ 7’ మూడు సీడీల్లో వచ్చింది. దాంతో విలన్ ఫ్లాష్‌బ్యాక్ అందరికీ అలవాటైన దినుసైపోయింది. తల్లి కడుపులో ఉండగానే ప్రయోగానికి గురైన సెఫిరోత్ ఆ సంగతి కొంత నిజంగా, కొంత తప్పుగా అర్థం చేసుకుని నిబెల్‌హైమ్ అనే ఊరిని తగలబెడతాడు. మంటల మధ్య నడిచిపోయే ఆ దృశ్యం ఎంత అందంగా ఉంటుందంటే, కాలిపోయిన ఇళ్లలో హీరో తల్లి కూడా ఉందన్న సంగతి వెనక్కి పోతుంది. సెఫిరోత్‌కు దక్కిన ప్రేమ వ్యాపారాన్ని కూడా మార్చింది. విలన్ యౌవనాన్ని కూడా చూపే ముందుకథలు అల్లడం లాభసాటి అయింది, 2007లో వచ్చిన ‘క్రైసిస్ కోర్’ అలాంటిదే. గతం ఎంత పెరిగితే నేరం అంత చిన్నగా కనబడే పరిస్థితి అక్కడినుంచి ముదిరింది.

అమెరికా వైపు ఈ చర్చ పెద్ద ఎత్తున జరిగింది ‘వార్‌క్రాఫ్ట్’ మీద. 2002లో వచ్చిన ‘వార్‌క్రాఫ్ట్ 3’లో యువరాజు ఆర్థస్ తన ప్రజలను కాపాడబోయి పతనమవుతాడు. తెగులు సోకిన స్ట్రాథోమ్ నగరంలో జనం పూర్తిగా పిశాచాలుగా మారకముందే ఆడేవాళ్లు ఆర్థస్‌గా వాళ్లను చంపాలి. తర్వాత అతను శాపగ్రస్తమైన కత్తి పట్టి, తండ్రిని చంపి, ఎల్ఫ్‌లు అనే జాతి రాజ్యం మీద పడతాడు. అక్కడ ఎదురునిలిచిన సేనాని సిల్వానస్. ఆమెను చంపి, ప్రేతంగా లేపి, తన సొంతవాళ్ల మీదికే పంపుతాడు. ఈ పని చేయించేదీ ఆడేవాళ్ల చేతనే.

పదహారేళ్ల తర్వాత, 2018లో, ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’లో సిల్వానస్ ఒక పక్షానికి నాయకురాలు. శత్రువులైన నైట్ ఎల్ఫ్‌ల రాజధాని టెల్డ్రాసిల్ అనే మహావృక్షం మీద ఉంది. అక్కడ సైనికులు లేరు, సామాన్యులున్నారు. ఆమె దాన్ని తగలబెట్టిస్తుంది. ఎల్ఫ్‌ల పక్షాన ఆడేవాళ్లకు గేమ్ ఒక పని ఇచ్చింది: మంటల్లోకి వెళ్లి జనాన్ని బయటికి తేవాలి. గడువు కొద్ది నిమిషాలే. ఎంత పరిగెత్తినా చాలామంది లోపలే మిగిలిపోతారు. సంవత్సరాలుగా సిల్వానస్ పక్షాన ఆడుతూ ఆమె బాధను తమ బాధగా చేసుకున్నవాళ్లు ఆ రోజు తాము ఎవరి వెనుక నిలబడ్డామా అని తర్జనభర్జన పడ్డారు.

2022లో కథను ముగించేటప్పుడు రచయితలు రెండు పనులు చేశారు. ఒకటి, ఆర్థస్ కత్తి ఆమె ఆత్మను రెండుగా చీల్చిందని, దుర్మార్గం చేసింది సగం ఆత్మేనని తేల్చారు. ఇది చాలా బలహీనమైన కల్పన. బాధ్యతను మనిషి మీదినుంచి తీసి కత్తి మీద పెట్టడమే ఇది. రెండోది మాత్రం మెచ్చదగ్గది. శిక్ష వేసే హక్కును టెల్డ్రాసిల్‌లో జనాన్ని పోగొట్టుకున్న టిరాండే చేతిలో పెట్టారు. ఆమె క్షమించలేదు, చంపనూ లేదు. నరకంలాంటి ‘మా’ అనే లోకంలో చిక్కుకున్న ఆత్మలన్నిటినీ వెతికి విడిపించే పని సిల్వానస్‌కు అప్పగించింది. పిసారో కథలో ఇరవై ఒక్క ఏళ్ల ముందు లేకుండా పోయింది సరిగ్గా ఇదే, బాధితుల తరఫున మాట్లాడే మనిషి.

మధ్యలో చిన్న గేములు కూడా ఈ దారిని మార్చాయి. 2015లో టోబీ ఫాక్స్ చేసిన ‘అండర్‌టేల్’లో ఫ్లవీ అనే పువ్వు విలన్. ఒకప్పుడు అది అస్రియెల్ అనే రాకుమారుడు. మనుషులు కొడుతున్నా ఎదురుదెబ్బ కొట్టకుండా చనిపోయిన పిల్లవాడు. ఆత్మ లేకుండా పువ్వుగా లేచాడు. కాలాన్ని వెనక్కి తిప్పగల శక్తితో మొదట అందరికీ సాయం చేసి, అది విసుగెత్తాక చంపడం మొదలుపెట్టాడు. ఆ శక్తి సేవ్ చేసి మళ్లీ ఆడే ప్రతి ఆటగాడికీ ఉన్నదే. ఎవరినీ చంపకుండా ఆడితే చివర్లో అస్రియెల్‌ను క్షమిస్తావా అని గేమ్ అడుగుతుంది. క్షమించనని చెప్పే వీలు కూడా ఇచ్చింది, ఆ నిజాయితీ పెద్ద బడ్జెట్ గేముల్లో అరుదు. పెద్ద గేముల వైపు, 2019లో నత్సుకో ఇషికావా రాసిన ‘ఫైనల్ ఫాంటసీ 14: షాడోబ్రింగర్స్’లో ఎమెట్-సెల్క్ కూలిపోయిన తన నగరాన్ని సముద్రం అడుగున నీడలతో మళ్లీ కట్టుకుంటాడు. ఆ వీధుల్లో ఆడేవాళ్లను నడిపిస్తుంది గేమ్. అతని శోకం అబద్ధం కాదు. దాని కోసం అతను బలిపెట్టిన లోకాలూ అబద్ధం కాదు. హీరో అతన్ని గుర్తుంచుకుంటాడు, కానీ ఆపుతాడు.

మూలమైన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ కూడా 2020లో దారి మార్చింది. ఓర్క్‌లు, డ్రౌలు వంటి జాతులవాళ్లు పుట్టుకతో చెడ్డవాళ్లు కారని, మిగతా జాతుల్లాగే వాళ్లలోనూ రకరకాల మనుషులుంటారని ప్రచురణకర్తలు ప్రకటించారు. మూడేళ్ల తర్వాత అదే ఆట నియమాల మీద బెల్జియంలోని లారియన్ సంస్థ ‘బాల్డర్స్ గేట్ 3’ తెచ్చింది. అందులో ఆస్టరియన్ విలన్ కాదు, హీరో జట్టులో మనిషే. అయితే విలన్ కావడానికి అతనికి అన్నీ ఉన్నాయి. కజడార్ అనే రక్తపిశాచి రెండు వందల ఏళ్లు అతన్ని బానిసగా ఉంచుకుని, రాత్రుళ్లు ఊళ్లోకి పంపి, అందంతో మనుషులను వలలో వేసి తెమ్మన్నాడు. ఎదిరించే శక్తి అతనికి లేదు. అతని వీపు మీది గాట్లు నిజానికి ఒక క్రతువు కోసం చెక్కిన రాతలు. ఆ క్రతువు పూర్తిచేసినవాడికి ఎండకు బెదరని శక్తి వస్తుంది. వెల: ఏడు వేల మంది పిశాచాల ఆత్మలు.

ఆ ఏడు వేల మంది కజడార్ భవనం కింద చెరసాలల్లో ఆకలితో బతికే ఉన్నారు. ఆస్టరియన్ వలవేసి తెచ్చినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. ఊచల వెనకనుంచి ఒకడు అతన్ని గుర్తుపట్టి మాట్లాడతాడు. పిల్లలను పోగొట్టుకున్న గుర్ తెగవాళ్ల బిడ్డలూ అక్కడే ఉంటారు. స్ట్రాడ్ కథలో తత్యానాకు లేని గొంతు ఇక్కడ వీళ్లకు ఉంది, అదీ విలన్ కాబోయేవాడు నిర్ణయం తీసుకునే ముందే. క్రతువు జరిపితే ఆస్టరియన్ కజడార్ స్థానంలో కూర్చుంటాడు, అతన్ని ప్రేమించినవాళ్లతో కజడార్ తనతో మాట్లాడిన తీరులోనే మాట్లాడతాడు. ఆపగలిగితే కజడార్‌ను చేతులారా పొడిచి కూలబడి ఏడుస్తాడు. అక్కడితో ఆ ఘట్టం పూర్తి కాదు. తలుపుల వెనక ఉన్న ఏడు వేల మంది దాహం తెలియని అమాయకులు కారు, వదిలితే ప్రమాదం. చంపాలా, భూగర్భలోకంలోకి పంపి బతకనివ్వాలా అన్నది ఆటగాడు ఆస్టరియన్‌తో కలిసి తేల్చాలి, గుర్ తెగ పిల్లలు కూడా అదే తీర్పు కింద ఉంటారు.